చెయ్యి వెళ్లే చోటే పట్టు ఉండాలి

మీరు రాసింది క్లుప్తంగా ఇది. అమ్మగారికి 72 ఏళ్లు. ఏడాది కిందట పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, ఎడమ కాలు బలహీనపడ్డాయి. మోకాళ్ల నొప్పులు అంతకుముందు నుంచే ఉన్నాయి. వాకర్ పట్టుకుని నడుస్తారు. పోయిన నెల కమోడ్ మీంచి లేస్తూ తూలిపోయి టవల్ రాడ్ పట్టుకుంటే, అది ఊడి చేతికొచ్చింది. గోడకి ఆనుకుని ఎలాగో నిలదొక్కుకున్నారు. బాత్రూమ్ అంతా పగలగొట్టి మళ్లీ కట్టించాలా, కొన్ని సామాన్లు కొని బిగిస్తే సరిపోతుందా, ముందు ఏ పని మొదలుపెట్టాలి అని అడిగారు.

పగలగొట్టక్కర్లేదు. అలాగని చూసుకోకుండా వెళ్లి సామాన్లూ కొనకండి. ముందు ఒక అరగంట అమ్మగారి వెంట ఉండి చూడండి, చాలు.

నేను 17 ఏళ్లుగా ఇళ్లలో ఇలాంటి మార్పులు చేయిస్తున్నాను. ఆక్యుపేషనల్ థెరపిస్టులు (రోజువారీ పనులు సొంతంగా చేసుకునేలా సాయపడే నిపుణులు), ఫిజియోథెరపిస్టులు చెప్పినదాన్ని గోడ మీదకీ నేల మీదకీ తేవడం నా పని. ఇన్నేళ్లలో నేను చూసినంతవరకు, ఒంటి మీద నీళ్లు పోసుకుంటూ పడినవాళ్లు తక్కువ. గడప దాటుతూ, కమోడ్ వైపు వెళ్లి వెనక్కి తిరుగుతూ, కూర్చుంటూ, లేస్తూ, పాదం తుడుచుకోవడానికి ఒంటికాలి మీద నిలబడుతూ పడినవాళ్లే ఎక్కువ. ఆ క్షణంలో చెయ్యి దానంతటదే ఏదో ఒకదాని కోసం వెతుకుతుంది. ఆలోచించి వెతకదు. మీ అమ్మగారి చెయ్యి టవల్ రాడ్ దగ్గరకి వెళ్లిందంటే, గట్టి ఆసరా ఉండాల్సిన చోటేదో ఆవిడ చెయ్యే మీకు చూపించింది. ఆ ఊడిన రాడ్ రంధ్రాలు పూడ్చకండి, అవి చాలా విలువైన గుర్తులు.

అందుకే అరగంట చూడమన్నాను. పగటిపూట, నేల పూర్తిగా పొడిగా ఉన్నప్పుడు, ఆవిడ బట్టలు వేసుకునే, రోజూ వేసుకునే చెప్పులతోనే, మంచం దగ్గర నుంచి మొదలుపెట్టి అన్నీ చేసి చూపించమనండి. లోపలికి వెళ్లడం, తలుపు వెయ్యడం, కమోడ్ మీద కూర్చుని లేవడం, స్నానం చేసే చోటికి వెళ్లడం, కుళాయి తిప్పడం, టవల్ అందుకోవడం, బయటికి రావడం. మీరు ఆవిడ ఎడమవైపు అరడుగు వెనకగా నడవండి. బలహీనమైన వైపుకే మనిషి ఒరుగుతారు కాబట్టి మీరుండాల్సింది అటు. ‘అది పట్టుకో, ఇలా తిరుగు’ అని చెప్పకండి. చెప్తే రోజూ చేసే పద్ధతి మారిపోతుంది, మీకు అసలు విషయం కనపడదు. చెయ్యి ఎక్కడ ఆనిందో అక్కడల్లా చిన్న టేపు ముక్క అంటించుకుంటూ పోండి.

ఆవిడ చూపించకపోయినా బాత్రూమే కొంత చెప్తుంది. తలుపు చట్రం మీద ఒకే ఎత్తులో మాసిపోయిన మచ్చ ఉంటుంది. వాష్ బేసిన్‌కీ గోడకీ మధ్య ఉన్న సిలికాన్ ఒక పక్క పగిలి ఉంటుంది, అంటే ఎవరో రోజూ దాని మీద బరువు వేస్తున్నారన్నమాట. కుళాయి కొంచెం పక్కకి వంగి ఉంటుంది. ఈ మూడూ కనిపించిన ఇంట్లో ‘మా నాన్న ఏమీ పట్టుకోడండీ, బాగానే నడుస్తాడు’ అని కొడుకు చెప్పడం నేను చాలాసార్లు విన్నాను. వాష్ బేసిన్ సంగతి ముఖ్యంగా చూడండి. గోడకి రెండు బోల్టులతో వేలాడే బేసిన్ మనిషి బరువు మొయ్యడానికి చేసింది కాదు. అది ఊడి పడితే పింగాణీ ముక్కలు కత్తుల్లా కోస్తాయి.

ఇప్పుడు పట్టుకునే కడ్డీల విషయం. గ్రాబ్ బార్ అంటారు. మీకు అన్నిటికంటే ముఖ్యంగా కావలసింది ఇదే. ఎక్కువ తప్పులు జరిగేదీ ఇక్కడే.

మొదటి తప్పు నేను చేసిందే చెప్తాను. పని కొత్తలో ఒకాయనకి కుడివైపు పక్షవాతం. ఎడమ చెయ్యి బలంగా ఉంది. ఆయన కమోడ్ వైపు నడిచి వెళ్తుంటే ఎడమ పక్కన మంచి గట్టి గోడ కనిపించింది. దానికి కడ్డీ బిగించి, ఊగి చూసి, సంతృప్తిగా వచ్చేశాను. మర్నాడు ఆయన భార్య ఫోన్ చేసి, కూర్చున్నాక ఆ కడ్డీ ఆయనకి ఎందుకూ పనికిరావట్లేదని చెప్పారు. నిజమే. కమోడ్ ముందుకి వెళ్లాక మనిషి వెనక్కి తిరిగి కూర్చుంటారు. తిరగగానే ఎడమ గోడ కాస్తా కుడి గోడ అయిపోతుంది. ఆయన పనిచెయ్యని చేతి పక్కన కడ్డీ పెట్టి వచ్చాను. మళ్లీ వెళ్లి రెండో పక్క మడిచే కడ్డీ వేశాను. ఆ ఒక్క రాత్రి ఆయన పడకపోవడం నా అదృష్టం. అప్పటి నుంచి నేను ముందు కమోడ్ మీద కూర్చుని, ఆ మనిషి బలమైన చెయ్యి ఏదో నా చేత్తో పట్టుకుని చూసుకున్నాకే డ్రిల్ బయటికి తీస్తాను.

మీ విషయంలో అమ్మగారి బలమైన చెయ్యి కుడి. కాబట్టి ఆవిడ కమోడ్ మీద కూర్చున్నప్పుడు కుడివైపున ఆసరా ఉండాలి. ఆ పక్కన దగ్గర్లో గోడ ఉంటే గోడకే బిగించండి. కమోడ్ మధ్య గీత నుంచి గోడకి 40 నుంచి 45 సెంటీమీటర్లు ఉంటే చెయ్యి హాయిగా అందుతుంది. గోడ దూరంగా ఉంటే కమోడ్ వెనక గోడకి బిగించి, అక్కర్లేనప్పుడు పైకి మడిచేసే కడ్డీలు వస్తాయి, అవి వెయ్యండి. నడిచి వెళ్లేటప్పుడు, అంటే తిరగకముందు ఆసరా కోసం, తలుపు పక్కన కుడిచేతికి అందేలా ఒక నిలువు కడ్డీ వేరే కావాలి. బయటికి వచ్చేటప్పుడు ఆవిడ కుడిచెయ్యి తలుపుకి రెండో పక్కన ఉంటుంది కాబట్టి అక్కడ ఇంకొకటి. మొత్తం మూడు చోట్లు. ‘ఒక కడ్డీ కొంటే సరిపోతుంది’ అని అనుకునేవాళ్లకి నేను చెప్పేది ఇదే: వెళ్లడానికి ఒక చెయ్యి, రావడానికి ఒక చెయ్యి ఉండవు. ఉన్న మంచి చెయ్యి ఒక్కటే, అది తిరిగినప్పుడల్లా వైపు మారుతుంది.

ఎత్తు ఎంత అని అందరూ అడుగుతారు. బహిరంగ స్థలాల కోసం అమెరికాలో పాటించే ఏడీఏ (వికలాంగుల హక్కుల చట్టం) ప్రమాణం నేల నుంచి 84–91 సెంటీమీటర్లు అంటుంది. బ్రిటన్ భవన నిబంధనల మార్గదర్శకంలో కమోడ్ పక్కన అడ్డ కడ్డీ ఎత్తు 68 సెంటీమీటర్లు. రెండూ బాగా ఆలోచించి పెట్టినవే, అయినా మధ్యలో కనీసం 16 సెంటీమీటర్ల తేడా ఉంది. ఎందుకంటే అవి ఎవరో తెలియని మనుషుల కోసం పెట్టిన కొలతలు. మీకు మనిషి ఎదురుగానే ఉన్నారు. ఆవిడని కూర్చోబెట్టి, మోచెయ్యి మడిచి ముంజేతిని నేలకి సమానంగా పెట్టమనండి. అడ్డంగా పెట్టే కడ్డీ ఆ ఎత్తుకి కాస్త అటూఇటూగా ఉంటే, దాని మీద చెయ్యి ఆనించి కిందకి నొక్కి లేవగలరు. లేచేటప్పుడు ముందుకి వంగడానికి ఇంకో నిలువు కడ్డీ, కమోడ్ ముందు అంచుకి ఓ జానెడు ముందుగా ఉంటే చాలా సాయం. ముక్కు పాదాల మీదకి వచ్చేదాకా ముందుకి వంగితేనే నడుము తేలిగ్గా పైకి లేస్తుంది. నిటారుగా కూర్చుని లేవబోతే ఎంత బలమున్నవాళ్లైనా వెనక్కి కూలబడతారు. మీరే ఒకసారి కుర్చీలో ప్రయత్నించి చూడండి.

కడ్డీ లావు 32 నుంచి 38 మిల్లీమీటర్లు అయితే పిడికిలి చుట్టూ సరిగ్గా పడుతుంది. గోడకీ కడ్డీకీ మధ్య ఖాళీ 38 మిల్లీమీటర్లు ఉండాలి. తక్కువైతే వేళ్లు దూరవు. ఎక్కువైతే ఇంకా ప్రమాదం: చెయ్యి జారినప్పుడు ముంజెయ్యి ఆ సందులోకి దూరి ఇరుక్కుంటుంది, మనిషి బరువంతా దాని మీద పడుతుంది. అద్దంలా మెరిసేది వద్దు, సబ్బు చేతికి జారుతుంది. గరుకుగా గీతలున్న స్టెయిన్‌లెస్ స్టీల్ మంచిది. గోడ రంగులో కలిసిపోకుండా చూడండి. తెల్ల టైల్స్ మీద తెల్ల కడ్డీ, చూపు మందగించినవాళ్లకి లేనట్టే.

బిగించే పని గోడని బట్టి మారుతుంది. గట్టి ఇటుక గోడైతే మంచి యాంకర్ బోల్టులు చాలు. లోపల గుల్లగా ఉండే బ్లాకుల గోడైతే మామూలు ప్లగ్ పట్టదు. జాలీ గొట్టం పెట్టి, రసాయన జిగురు నింపే యాంకర్లు వాడాలి. పలచని బోర్డు గోడైతే వెనకాల చెక్క గానీ ఇనుప ఫ్రేమ్ గానీ ఉన్న చోటే బిగించాలి, లేకపోతే ముందు ప్లైవుడ్ పెట్టించాలి. టైల్ దాటేదాకా డ్రిల్‌ని హ్యామర్ మోడ్‌లో పెట్టవద్దని పనివాడికి చెప్పండి, టైల్ నెర్రె ఇస్తుంది. రంధ్రాల చుట్టూ సిలికాన్ పూస్తే నీళ్లు లోపలికి దిగి బోల్టులు తుప్పు పట్టవు. ఏడీఏ లెక్కలో కడ్డీ సుమారు 113 కిలోల బలానికి తట్టుకోవాలి. ఇంట్లో దానికి పరీక్ష సులభం: బిగించినవాడినే తన బరువంతా వేసి దాన్ని పట్టుకుని వెనక్కి వాలమనండి. తటపటాయిస్తే ఆ పని మళ్లీ చేయించండి.

గోడకి నొక్కితే అతుక్కునే సక్షన్ కప్పుల పట్టీలు కొనకండి. ఈ మాట గట్టిగానే చెప్తున్నాను. అవి పొద్దున గట్టిగా ఉండి సాయంత్రానికి గాలి దూరి వదులైపోతాయి, బయటికి ఏమీ కనపడదు. టవల్ రాడ్ కనీసం నేను బరువు మొయ్యనని చూడగానే చెప్తుంది. ఇది మోస్తానని చెప్పి మోసం చేస్తుంది.

ఇక కమోడ్ ఎత్తు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి సగం కష్టం ఇక్కడే ఉంటుంది. మామూలు కమోడ్ సీటు నేలకి 38–40 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. అమ్మగారిని కుర్చీలో కూర్చోబెట్టి, చెప్పులతో సహా, మోకాలి వెనక మడత నుంచి నేలదాకా కొలవండి. సీటు ఆ కొలతకి సమానంగా గానీ రెండు మూడు సెంటీమీటర్లు ఎక్కువగా గానీ ఉండాలి. సీటు మీద పెట్టే ఎత్తు రింగులు 5, 10, 15 సెంటీమీటర్లలో దొరుకుతాయి. ఎంత ఎత్తైతే అంత మంచిదనుకుని 15 తెచ్చేస్తారు. పొట్టిగా ఉన్నవాళ్లకి దాంతో కాళ్లు నేలకి ఆనవు, మనిషి ముందుకి జారతారు, మలవిసర్జనా కష్టమవుతుంది. రెండు పాదాలూ మడమలతో సహా నేలకి ఆనాలి, అదే గుర్తు.

కమోడ్ చుట్టూ నిలబెట్టే చేతుల ఫ్రేములు కూడా ఉంటాయి. మోకాళ్లు రెండూ నొప్పిగా ఉండి చేతులు రెండూ బాగున్నవాళ్లకి అవి చాలా బాగుంటాయి. మీ అమ్మగారికి మాత్రం నేను ఊరికే నేల మీద నిలబడే ఫ్రేమ్ పెట్టను. ఒక్క చేత్తో ఒక్క పక్కే నొక్కితే అది అటే ఒరిగిపోతుంది. నేలకి బోల్టు వేసేదైతే సరే. గొంతుక్కూర్చునే ఇండియన్ రకం టాయిలెట్ ఉంటే అది ఇక ఈ పరిస్థితిలో వద్దు. వెంటనే మార్చడం కుదరకపోతే దాని మీద నిలబెట్టే గట్టి కుర్చీ వాడండి, కాళ్లకి రబ్బరు బూట్లు ఉన్నవి చూసి.

ఫ్లష్ మీట, చేతి స్ప్రే, కాగితం, అన్నీ కూర్చున్న మనిషి కుడిచేతికి ముందువైపు అందాలి. వెనక్కి తిరిగి ఫ్లష్ నొక్కబోయి తూలినవాళ్లని చూశాను. లేచి, కడ్డీ పట్టుకుని నిలదొక్కుకున్నాక నొక్కడం అలవాటు చెయ్యండి.

స్నానం కూర్చునే చెయ్యాలి. ఇందులో బేరం లేదు. వీపూ చేతులూ ఉన్న షవర్ కుర్చీ, కాళ్లకి వెడల్పాటి రబ్బరు బూట్లు, ఎత్తు మార్చుకునేది తీసుకోండి. ప్లాస్టిక్ తోట కుర్చీ తడి నేల మీద జారుతుంది, కాళ్లు విరుచుకుపోతుంది, అది వద్దు. హ్యాండ్ షవర్ గొట్టం మీటరున్నర పైనే ఉండాలి. దాని కొక్కెం కూర్చున్న మనిషి కుడిచేతికి అందాలి. బకెట్‌తో స్నానమైతే బకెట్‌ని నేల మీద కాకుండా గట్టి స్టూలు మీద, మోకాళ్ల ఎత్తులో పెట్టండి. ప్రతి చెంబుకీ కిందకి వంగి లేవడం కళ్లు తిప్పుతుంది. సబ్బుని తాడు కట్టి వేలాడదీయండి, లేదా పంపు నొక్కే ద్రవం వాడండి. కింద పడిన సబ్బు కోసం వంగడం కూడా పడడానికి దారే. స్నానాల తొట్టి ఉన్న ఇల్లైతే అంచు దాటించవద్దు. రెండు కాళ్లు తొట్టిలో, రెండు కాళ్లు బయట ఉండే బల్ల దొరుకుతుంది. బయట కూర్చుని లోపలికి జరగాలి.

అన్నిటికంటే మరిచిపోయేది స్నానం తర్వాతి రెండు నిమిషాలు. ఒళ్లు తుడుచుకుని, పాదాలు ఆరకుండానే లేచి, ఒంటికాలి మీద నిలబడి బట్టలు వేసుకోబోతారు. టవల్, బట్టలు కుర్చీ దగ్గరే, తడవకుండా, కూర్చుని అందుకునే ఎత్తులో పెట్టండి. పాదాలూ వేళ్ల సందులూ కూర్చునే తుడుచుకోవాలి. బట్టలు కూర్చునే, బలహీనమైన వైపు ముందుగా తొడుక్కోవాలి. మీది ఎడమ కాబట్టి ముందు ఎడమ చెయ్యి, ఎడమ కాలు. చెప్పులు వేసుకున్నాకే లేవాలి.

నేల గురించి. జారే టైల్స్‌ని మార్చడం ఖర్చుతో కూడిన పని కాబట్టి ముందు ఉన్నదాన్ని చూడండి. చాలా చోట్ల జారేది టైల్ కాదు, దాని మీద పేరుకున్న సబ్బు జిడ్డు, పాచి. వారానికి ఒకసారి బ్రష్‌తో గట్టిగా రుద్ది కడిగితే, ఆ నేల ఇంతకుముందు ఎంత జారేదో అప్పుడు తెలుస్తుంది. తర్వాత వాటం, అంటే నేల వాలు. నీళ్లు జాలీ వైపు పోవాలంటే మీటరుకి ఒకటి నుంచి రెండు సెంటీమీటర్ల వాటం కావాలి. ఒక చెంబు నీళ్లు పోసి ఐదు నిమిషాలయ్యాక వచ్చి చూడండి. కమోడ్ ముందు మడుగు కనిపిస్తే ఆ ముక్క మాత్రం మేస్త్రీ చేత సరిచేయించండి. వాటం మరీ ఎక్కువైనా కుర్చీ, వాకర్ ఒక పక్కకి లాగుతాయి.

టైల్స్ మార్చే పక్షంలో ఒక సంగతి తెలుసుకుని వెళ్లండి. ఆర్9, ఆర్10 అని చెప్పే రేటింగ్, నూనె పోసిన వాలు మీద బూట్లతో నడిచి పరీక్షించేది. బాత్రూమ్‌లో మనం వట్టి కాళ్లతో, సబ్బు నీళ్లలో నడుస్తాం. దానికి వేరే జర్మన్ పరీక్ష ఉంది, ఏ, బీ, సీ తరగతులు ఇస్తుంది. స్నానం చేసే చోట కనీసం బీ, లేదా సీ అడగండి. లోలకం పరీక్ష (ఊగే లోలకంతో నేల జారుడుని కొలిచేది) అంకె ఇస్తే, తడిలో 36 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉండాలి. అంకెలేవీ చెప్పలేకపోతే చిన్న చిన్న ముక్కల టైల్స్ తీసుకోండి. సందుల గీతలు ఎక్కువ ఉంటే పాదానికి పట్టు దొరుకుతుంది.

రబ్బరు మ్యాట్లు వాడతారు, తప్పు లేదు. కానీ కింద బుడిపెలతో అతుక్కునే మ్యాట్ నున్నటి నేల మీదే పట్టుకుంటుంది. గరుకు టైల్ మీద, గీతల మీద పట్టదు, అంచు లేస్తుంది. ప్రతిసారీ ఎత్తి ఆరబెట్టకపోతే కింద పాచి పట్టి మ్యాట్‌తో సహా జారుతుంది. తలుపు బయట వేసే గుడ్డ మ్యాట్లు మాత్రం ఈ రోజే తీసెయ్యండి. వాకర్ కాలు వాటిలో చిక్కుకుంటుంది, కాలు ఈడ్చి నడిచే వాళ్ల వేళ్లూ చిక్కుకుంటాయి.

తలుపు లోపలికి తెరుచుకుంటోందా? అయితే బయటికి తెరుచుకునేలా మార్పించండి, లేదా జారుడు తలుపు పెట్టించండి. లోపల పడినవాళ్లు చాలాసార్లు తలుపుకి అడ్డంగా పడతారు. నేను ఒక ఇంట్లో చూశాను, కూతురు సందులోంచి తల్లి చెయ్యి పట్టుకుని కూర్చుంది, తలుపు విప్పేదాకా లోపలికి పోయే దారి లేదు. గడియ తీసేసి, బయట నుంచి నాణెంతో తిప్పి తెరిచే లాక్ వెయ్యండి. వాకర్ వెడల్పు సాధారణంగా 60–65 సెంటీమీటర్లు, కాబట్టి తలుపు తెరిచినప్పుడు వచ్చే ఖాళీ కొలవండి, చట్రం కొలత కాదు. చక్రాల కుర్చీకి 81 సెంటీమీటర్ల ఖాళీ అవసరం. ఓ నాలుగైదు సెంటీమీటర్లే తక్కువైతే, తలుపు రెక్కని పూర్తిగా పక్కకి జరిపే కీళ్లు వేస్తే సరిపోవచ్చు. గడప 13 మిల్లీమీటర్లు దాటి ఉంటే చిన్న వాలు పెట్టించండి.

రాత్రిపూట ప్రమాదం వేరే రకం. నిద్రలోంచి లేచిన వెంటనే నిలబడితే కొందరికి రక్తపోటు పడిపోతుంది. నిలబడిన మూడు నిమిషాల్లోపు పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ తగ్గితే వైద్యులు దాన్ని ఒక సమస్యగానే చూస్తారు. పక్షవాతం తర్వాత రక్తపోటు మందులు వాడేవాళ్లలో ఇది కనిపిస్తుంది. కాబట్టి ఆవిడకి కూర్చున్నప్పుడు, నిలబడ్డాక రెండుసార్లు కొలిపించి డాక్టర్‌కి చూపించండి. మందు వేళలు మీరే మార్చకండి. మంచం అంచున కాళ్లు కిందకి వేసి ఒక నిమిషం కూర్చుని, పాదాలు కాసేపు ఆడించి, అప్పుడు లేవమనండి. మంచం నుంచి బాత్రూమ్ దాకా, మనిషి కదిలితే వెలిగే చిన్న లైట్లు నేలకి దగ్గరగా పెట్టండి. చీకట్లోంచి వచ్చి ఒక్కసారి పెద్ద లైటు వేస్తే కళ్లు చెదిరి అడుగు కనపడదు. రాత్రి రెండు మూడుసార్లు లేచేవాళ్లైతే మంచం పక్కనే కమోడ్ కుర్చీ పెట్టడం మంచి ఉపాయం. అమ్మగారు మొదట ఒప్పుకోకపోవచ్చు.

వేడినీళ్లు. 60 డిగ్రీల నీళ్లు సుమారు ఐదు సెకన్లలోనే చర్మాన్ని తీవ్రంగా కాల్చేస్తాయి. 49 డిగ్రీల దగ్గర అదే కాలిన గాయానికి నిమిషాలు పడుతుంది. నీళ్లు నిల్వ ఉండే గీజర్‌ని మరీ తగ్గిస్తే లెజియొనెల్లా అనే బ్యాక్టీరియా పెరిగే వీలుంది. కాబట్టి గీజర్‌లో 60 ఉంచి, కుళాయి దగ్గర చల్లనీళ్లు కలిపి పంపే థర్మోస్టాటిక్ వాల్వ్ పెట్టించడం సరైన పని. పక్షవాతం వచ్చిన చేతికి వేడి సరిగ్గా తెలియకపోవచ్చు. నీళ్లు ఎప్పుడూ కుడిచేత్తోనే చూసుకోమనండి. గీజర్ లైనుకి 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీ బ్రేకర్ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసేది) ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌ని అడగండి.

పిలిచే ఏర్పాటు నేల నుంచి అందాలి. పడినవాళ్లు లేచి గోడ మీది గంట నొక్కలేరు. తాడు లాగితే మోగే రకమైతే తాడు చివర నేలకి 10 సెంటీమీటర్ల దాకా వేలాడాలి. ఆ తాడుని అడ్డమని ఎవరూ పైకి చుట్టి కట్టకుండా ఇంట్లో అందరికీ చెప్పండి. లేకపోతే తడవని వైర్‌లెస్ బెల్ మెడలోనో మణికట్టుకో. ఒకవేళ పడితే చంకల కింద చేతులు పెట్టి లాగకండి, ముఖ్యంగా ఎడమ భుజం పట్టి అస్సలు లాగకూడదు. పక్షవాతం వచ్చిన భుజం కీలు వదులుగా ఉంటుంది, తేలిగ్గా తప్పుతుంది. ముందు నొప్పి ఎక్కడుందో అడగండి. తలకి దెబ్బ తగిలినా, తుంటి దగ్గర నొప్పి ఉన్నా, కాలు పొట్టిగానో బయటికి తిరిగో కనిపించినా కదపకుండా, ఒంటి మీద దుప్పటి కప్పి అంబులెన్స్ పిలవండి. ఆవిడ రక్తం పలచబడే మందులు వాడుతుంటే, తలకి తగిలింది చిన్న దెబ్బే అనిపించినా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇంకొక్క విషయం, నాకు అన్నిటికంటే బాధ కలిగించేది. బాత్రూమ్ అంటే భయం పట్టుకున్న పెద్దవాళ్లు నీళ్లు తాగడం తగ్గించేస్తారు, ఎవరికీ చెప్పరు. దాంతో మలబద్ధకం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, నీరసం, కళ్లు తిరగడం వస్తాయి. పడే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. పోయిన నెల తూలిన తర్వాత అమ్మగారు ఎన్ని గ్లాసులు తాగుతున్నారో గమనించండి. పడబోయి ఆగినదాన్ని ‘ఏం కాలేదుగా’ అని వదిలేసే ఇళ్లే ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ఏటా సుమారు 6,84,000 మంది పడిపోవడం వల్లే ప్రాణాలు కోల్పోతున్నారు, వాళ్లలో ఎక్కువ మంది 60 దాటినవాళ్లు. ఆవిడతో కూర్చుని మాట్లాడండి. ‘నీకు ఎక్కడ భయంగా ఉంటుందమ్మా?’ అని అడగండి. కడ్డీ ఎక్కడుండాలో, కుర్చీ ఏ రంగుదో, లోపల ఎవరు తోడుండాలో ఆవిడనే చెప్పనివ్వండి. అడగకుండా ఇల్లు ఆసుపత్రిలా మార్చేస్తే వాళ్లకి తమ ఇల్లే పరాయిదవుతుంది. అలా బిగించిన సామాను మీద టవల్స్ ఆరేసుకుంటున్న ఇళ్లు నాకు తెలుసు.

పని వరుస అడిగారు కాబట్టి: ఈ రోజు గుడ్డ మ్యాట్లు తీసెయ్యడం, నేల రుద్ది కడగడం, దారిలో లైట్లు, బయట నుంచి తెరుచుకునే గడియ. ఈ వారంలో షవర్ కుర్చీ, హ్యాండ్ షవర్, పిలిచే గంట. కడ్డీలూ సీటు ఎత్తూ కొలతలు తీసుకున్నాకే. వీలైతే ఒక ఆక్యుపేషనల్ థెరపిస్టుని ఇంటికి పిలిచి ఆ రోజు ఆవిడ నడకని చూపించండి. కడ్డీలు బిగించేదాకా అమ్మగారిని లోపల ఒంటరిగా వదలకండి, తలుపు చేరవేసి బయటే నిలబడినా చాలు.

కొలతలు ఇవి రాయండి: మోకాలి మడత ఎత్తు, ఇప్పటి సీటు ఎత్తు, కమోడ్ మధ్య నుంచి రెండు పక్కల గోడల దూరం, తలుపు తెరిచినప్పుడు ఖాళీ, గోడ దేనితో కట్టింది, మీరు అంటించిన టేపు ముక్కలు నేలకి ఎంత ఎత్తులో ఉన్నాయి. ఊడిన రాడ్ రంధ్రాలు సీటు నుంచి ఎంత ముందున్నాయో కూడా. అవి చూసి, కడ్డీలు ఎక్కడెక్కడ పడాలో గీసి పెడతాను.